బహుమతి కన్నా జాబితా మిన్న

(పిల్లల పుస్తకాలకు న్యాయనిర్ణేతలు ఎవరు? - స్మారకోపన్యాస పాఠం)



సాహిత్యంలో ఏ అంశం మీదైనా మాట్లాడమని నిర్వాహకులు నాకు స్వేచ్ఛ ఇచ్చారు. ఈ స్మారకోపన్యాస ధర్మనిధి ఎవరి పేరిట నడుస్తోందో ఆ మాష్టారి జీవితమంతా బడిపిల్లల చేతికి పుస్తకం అందించడంలోనే గడిచింది. అందుకని పిల్లల పుస్తకాల గురించే మాట్లాడతాను. అందులోనూ ఒక్క ప్రశ్నే తీసుకుంటాను. పిల్లల కోసం వచ్చిన పుస్తకాల్లో ఇది మంచిది, దీనికి బహుమతి ఇవ్వాలి అని తేల్చాల్సింది ఎవరు? రచయితలా, విమర్శకులా, లైబ్రేరియన్లా, టీచర్లా, తల్లిదండ్రులా, చదివే పిల్లలా?

ఈ ప్రశ్నకు 2006లో అమెరికాలో కొందరు బ్లాగర్లు తమకు తోచిన జవాబు చెప్పారు. మాటలతో ఊరుకోకుండా ఒక పురస్కారాన్నే మొదలుపెట్టారు. పిల్లల, యువజనుల పుస్తకాలకు బ్లాగర్లు ఇచ్చే సాహిత్య పురస్కారం అది. పొట్టిగా ‘సిబిల్స్’ అంటారు. డబ్బు సంచులు, టీవీ ప్రసారాలు లేకుండా నడిచిన ఆ ప్రయోగం నుంచి తెలుగువాళ్లం తెచ్చుకోదగింది ఒకటుందని నా నమ్మకం. అదేమిటో చెప్పే ముందు దాని పూర్వరంగం కొంత చెప్పాలి.

లైబ్రేరియన్ల మెడల్

పిల్లల పుస్తకాల బహుమతుల్లో అమెరికాలో పెద్దపీట న్యూబెరీ మెడల్‌ది. 1921లో ఫ్రెడరిక్ మెల్చర్ దాన్ని ప్రతిపాదించారు. 18వ శతాబ్దంలో లండన్‌లో పిల్లల కోసం పుస్తకాలు అచ్చువేసి అమ్మిన జాన్ న్యూబెరీ పేరు పెట్టారు. 1922లో మొదటి మెడల్ హెండ్రిక్ విలెమ్ వాన్ లూన్ రాసిన మానవజాతి చరిత్రకు దక్కింది. బొమ్మల పుస్తకాల కోసం 1938లో కాల్డికాట్ మెడల్ వచ్చింది. రెంటినీ ఇచ్చేది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో పిల్లల విభాగం. అంటే నిర్ణయం లైబ్రేరియన్లదే. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. 1928లో న్యూబెరీ మెడల్ అందుకున్నది బెంగాల్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ ధనగోపాల్ ముఖర్జీ. ఆయన కథానాయకుడు ఒక పావురం.

న్యూబెరీ కమిటీలో పదిహేనుమంది ఉంటారు. ఏడాది పొడుగునా చదువుతారు. చివర్లో తలుపులు మూసుకుని చర్చించి ఓట్లు వేస్తారు. లోపల ఏ పుస్తకం గురించి ఎవరేమన్నారో బయటికి చెప్పకూడదు. పరిశీలనలో ఏ పుస్తకాలున్నాయో ముందుగా ప్రకటించరు. జనవరిలో ఒక ఉదయం విజేత పేరు, దాని వెంట గౌరవ జాబితాలో కొన్ని పేర్లు వెలువడతాయి. మర్నాటి నుంచి దేశంలోని చాలా బడి లైబ్రరీలు ఆ పుస్తకాన్ని కొంటాయి. బంగారు రంగు ముద్ర అట్టమీద పడ్డ పుస్తకం తరాల తరబడి అచ్చులో ఉండిపోతుంది. చేతికి డబ్బేమీ ఇవ్వని ఈ మెడల్‌కి అంత విలువ రావడానికి కారణం ఆ కొనుగోళ్లే.

ఆ కమిటీ నియమావళిలో ఒక మాట స్పష్టంగా ఉంది. ఈ మెడల్ సాహిత్య విలువకే తప్ప నీతిబోధకో జనాదరణకో ఇచ్చేది కాదని. నియమంగా చూస్తే అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. కాని ఏళ్లు గడిచేకొద్దీ ఒక సణుగుడు మొదలైంది. మెడల్ పుస్తకాలను పెద్దలు మెచ్చుకుంటున్నారు, పిల్లలు అలమరలోనే వదిలేస్తున్నారని. 2008 అక్టోబర్‌లో అనితా సిల్వీ ‘స్కూల్ లైబ్రరీ జర్నల్’లో న్యూబెరీ దారి తప్పిందా అని నేరుగానే అడిగారు. అప్పటికే ఆ గొణుగుడు బడుల్లో, పుస్తకాల షాపుల్లో చాలాకాలంగా ఉంది.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో 2005లో క్విల్ అవార్డులు వచ్చాయి. జనమే ఓట్లు వేసేవారు, టీవీలో తళుకుబెళుకుల సభ జరిగేది. మొదటి ఏడాది ‘ఈ సంవత్సరపు పుస్తకం’గా హ్యారీ పాటర్ వరసలో ఆరో నవల గెలిచింది. అప్పటికే లక్షల ఇళ్లలో ఉన్న పుస్తకాన్ని గెలిపించడానికి ఓటింగు ఎందుకని అడిగినవాళ్లు లేకపోలేదు. కొద్దికాలానికే ఆ అవార్డులు ఆగిపోయాయి.

రెండు ప్రమాణాలు

2006 నాటికి పరిస్థితి ఇదీ. ఒకవైపు జనాదరణ లెక్కలోకి రాదనే మెడల్, మరోవైపు జనాదరణ తప్ప ఇంకేమీ లెక్కలోకి రాని ఓటింగు. పిల్లల పుస్తకాల మీద బ్లాగులు రాస్తున్న ఆన్ బోల్స్ లెవీ, కెల్లీ హెరాల్డ్ ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీ చూశారు. రచనలో పస ఉండాలి, పిల్లలు ఇష్టంగా చదివేదిగానూ ఉండాలి, ఈ రెండూ కలిసిన పుస్తకానికే బహుమతి అన్నారు. తోటి బ్లాగర్లను పిలిచారు.

ఎవరీ బ్లాగర్లు? పేరు చూసి కాలక్షేపానికి రాసేవాళ్లనుకోవద్దు. బడి లైబ్రేరియన్లు, టీచర్లు, పుస్తకాల షాపుల్లో పనిచేసేవాళ్లు, రచయితలు, పడుకునే ముందు పిల్లలకు రోజూ చదివి వినిపించే తల్లిదండ్రులు. పత్రికల్లో పిల్లల పుస్తకాలకు చోటు ఎప్పుడూ తక్కువే. ఆ దశాబ్దంలో ఉన్న చోటు కూడా తరిగిపోయింది. 2008లో ‘లాస్ ఏంజెలెస్ టైమ్స్’ తన విడి పుస్తక సమీక్షా సంచికను ఎత్తేసింది. 2009 ఫిబ్రవరిలో ‘వాషింగ్టన్ పోస్ట్’ కూడా అదే పని చేసింది. వారానికి ఒకటో రెండో పిల్లల పుస్తకాల గురించి రాసే పత్రికలు చేతులెత్తేస్తున్న కాలంలో ఈ బ్లాగర్లు రోజుకో పుస్తకం గురించి రాస్తూ వచ్చారు. రాసినదాని కింద పాఠకులు వాదనకు దిగేవారు, రచయితలూ వచ్చి పలకరించేవారు. న్యాయనిర్ణేతల కుర్చీలో కూర్చోవడానికి ముందే వాళ్లు ఏం ఇష్టపడతారో, ఎందుకు ఇష్టపడతారో లోకానికి తెలుసు. ఈ సంగతి ముఖ్యమైనది.

స్థిరపడ్డాక సిబిల్స్ పద్ధతి ఇలా ఉంది. అక్టోబర్ మొదటి రెండు వారాల్లో ఎవరైనా సరే, విభాగానికి ఒక పుస్తకం చొప్పున, అంతకు ముందు ఏడాది కాలంలో అమెరికాలోనో కెనడాలోనో వచ్చినవి ప్రతిపాదించవచ్చు.  బొమ్మల పుస్తకాలు, బాలల నవలలు, యువజనుల నవలలు, ఊహాలోకపు కథలు, కవిత్వం, బొమ్మల నవలలు, వాస్తవ విషయాల పుస్తకాలు ఇలా వేర్వేరు విభాగాలు. ఒక్కో విభాగానికి రెండు బృందాలు. మొదటి బృందం ప్రతిపాదనల్లోంచి అయిదు నుంచి ఏడు పుస్తకాలను వడగట్టి జనవరి 1న ప్రకటిస్తుంది. రెండో బృందంలో వేరే మనుషులుంటారు. వాళ్లు ఆ జాబితాలో ఉన్న ప్రతి పుస్తకమూ చదివి ఒక్కదాన్ని ఎంచి ఫిబ్రవరి 14న చెబుతారు. ఏ విభాగంలోనైనా తన పుస్తకం పోటీలో ఉన్న రచయిత ఆ విభాగం బృందంలో ఉండటానికి వీల్లేదు.

ఇందులో అసలు చాకిరీ మొదటి బృందానిది. పెద్ద విభాగాల్లో ప్రతిపాదనలు వందకు పైబడతాయి. అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ చివరిదాకా రెండున్నర నెలలు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, జీతం భత్యం లేకుండా చదవాలి. సాగని పుస్తకాన్ని మధ్యలో వదిలేయవచ్చు గాని, ఒక్కరు వదిలేసినంత మాత్రాన అది పోటీలోంచి పోదు. ఇంకొకరు కూడా దాన్ని పట్టుకోవాలి. చదువుతున్న పుస్తకాల గురించి తమ బ్లాగుల్లో రాసుకునే వీలుంది. లోపలి చర్చ మాత్రం బయటపెట్టకూడదు. న్యూబెరీ సభ్యులకు ఆ మొదటి వెసులుబాటు కూడా లేదు. పరిశీలనలో ఉన్న పుస్తకాల మీద వాళ్లు బ్లాగుల్లో గాని అచ్చులో గాని అభిప్రాయం రాయకూడదు.

ఒక ఉడుత కథ

రెండు ప్రమాణాలు అని పైపైన చెబితే పోస్టర్ మీది నినాదంలా ఉంటుంది. అందుకని మొదటి ఏడాది బొమ్మల పుస్తకాల విభాగంలో గెలిచిన పుస్తకాన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను. కెనడా రచయిత్రి మెలనీ వాట్ రాసి, బొమ్మలు వేసిన ‘స్కేర్‌డీ స్క్విరల్’. పిరికి ఉడుత కథ. ఈ ఉడుత తన చెట్టు దిగదు. బయట సాలీళ్లు, విషపు తీగలు, కుట్టి చంపే తేనెటీగలు, క్రిములు, సొరచేపలు, అన్యగ్రహవాసులు ఉంటారని దాని భయం. చెట్టు మీద ఉంటే లాభాలేమిటి, నష్టాలేమిటి అని పట్టిక వేసుకుంటుంది. ఏ వేళకు లేవాలి, ఏ వేళకు గింజ తినాలి అనే దినచర్య కాగితం ఉంది. ప్రమాదం వస్తే పనికొస్తుందని ఒక పెట్టె సర్దిపెట్టుకుంది. అందులో పారాచూట్ నుంచి సబ్బు దాకా అన్నీ ఉన్నాయి.

ఒకరోజు తేనెటీగ రానే వస్తుంది. కంగారులో పెట్టె చెయ్యి జారుతుంది. దాన్ని అందుకోబోయి ఉడుత చెట్టు మీంచి దూకేస్తుంది. గాలిలో ఉండగా దానికి తెలుస్తుంది, తాను ఎగిరే జాతి ఉడుతనని.

ఇంత చిన్న కథలో సాహిత్యం ఎక్కడుంది అని ఒక న్యాయనిర్ణేత అడగవచ్చు. పట్టికలు, జాబితాలు, మ్యాపులు, దినచర్య కాగితాలు కలిపి కథ చెప్పిన తీరులో ఉంది. భయపడే మనిషి లోకాన్నంతా కాగితం మీద గళ్లలో బిగిస్తాడు. ఆ గళ్లనే రచయిత్రి కథన పద్ధతిగా మార్చింది. పిల్లలకు ఇందులో ఏముంది అని ఇంకొకరు అడగవచ్చు. ఇంకా చదవడం రాని నాలుగేళ్ల పిల్ల కూడా వేలు పెట్టి ఒక్కొక్క వస్తువునూ చూపిస్తూ పెట్టె సర్దగలదు. ఉడుత కంటే ముందే ప్రమాదాన్ని పసిగట్టి నవ్వగలదు. ధైర్యంగా ఉండు నాయనా అనే నీతివాక్యం ఎక్కడా లేదు. పైగా అలా దూకిన తర్వాత కూడా ఉడుత పెద్దగా మారదు. తన దినచర్యలో రోజుకొక దూకు కలుపుకుంటుంది, అంతే. రెండు ప్రమాణాలు కలవడమంటే ఇదే. ఒకే గుణం పెద్దవాళ్లకు శిల్పంగానూ, పిల్లలకు ఆటగానూ కనబడాలి.

ఈ పుస్తకం కాల్డికాట్ పరిశీలనలోకే రాదు. బొమ్మలు వేసినవారు అమెరికా పౌరులో, అక్కడ నివసించేవారో అయి ఉండాలన్నది ఆ మెడల్ నియమం. న్యూబెరీకీ అంతే. సిబిల్స్ వాళ్లు రచయిత పాస్‌పోర్టు అడగలేదు. పిల్లల చేతికి వచ్చిన పుస్తకమా కాదా అన్నదే చూశారు. ఆ ఒక్క నియమం వల్ల మొదటి ఏడాది జాబితా రూపమే మారింది. ఊహాలోకపు కథల విభాగంలో బ్రిటన్ రచయిత జోనథన్ స్ట్రౌడ్ నవల ‘టాలెమీస్ గేట్’ గెలిచింది. యువజనుల నవలల్లో ఆస్ట్రేలియా రచయిత మార్కస్ జుసాక్ రాసిన ‘ద బుక్ థీఫ్’ గెలిచింది.

‘ద బుక్ థీఫ్’ సంగతి ఇంకా ఆసక్తికరం. నాజీల కాలపు జర్మనీలో పుస్తకాలు దొంగిలించే ఒక అమ్మాయి కథ. చెప్పేది మృత్యువు. 2005లో ఆస్ట్రేలియాలో అది పెద్దల నవలగా వచ్చింది. మరుసటి ఏడు అమెరికాలో యువజనుల పుస్తకంగా అచ్చయింది. పుస్తకం ఒకటే, అట్ట మీది వయసు మాత్రం మారింది. ఇది పిల్లలు చదవగలరా అనే సందేహం పెద్దలకే వచ్చింది. పదహారేళ్లవాళ్లు మాత్రం చదివేశారు. బొమ్మల నవలల్లో జీన్ లువెన్ యాంగ్ ‘అమెరికన్ బోర్న్ చైనీస్’ గెలిచింది. వలస కుటుంబపు పిల్లవాడు బడిలో పడే అవస్థను, చైనా పురాణాల్లోని వానర రాజు కథతో ముడిపెట్టిన పుస్తకం. అంతకు ముందే అది నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాలోకి ఎక్కింది, 2007లో యువజనుల పుస్తకాలకిచ్చే ప్రింట్జ్ అవార్డూ పొందింది. రెండు చోట్లా ఆ గౌరవం దక్కిన మొదటి బొమ్మల నవల అదే.

2008 సంవత్సరపు పుస్తకాల్లో ఇంకో విశేషం జరిగింది. ఊహాలోకపు కథల్లో బాలల విభాగానికి నీల్ గైమన్ ‘ద గ్రేవ్‌యార్డ్ బుక్’ను, యువజనుల విభాగానికి సుజాన్ కాలిన్స్ ‘ద హంగర్ గేమ్స్’ను సిబిల్స్ ఎంచుకుంది. దానికి మూడు వారాల ముందు, 2009 జనవరిలో, న్యూబెరీ కూడా ‘ద గ్రేవ్‌యార్డ్ బుక్’కే వచ్చింది. పండితులు ఒకటి మెచ్చుకుంటారు, పిల్లలు ఇంకొకటి మెచ్చుకుంటారు అనే వాదం ఆ ఏడాది కొంత బలహీనపడింది. సాహిత్య విలువకూ, పిల్లల ఇష్టానికీ సహజ వైరమేమీ లేదు. ఆ రెంటినీ ఒకేసారి వెదికేవాళ్లు తక్కువగా ఉండటమే అసలు ఇబ్బంది.

ఆక్షేపణలు

ఇంతసేపూ మెచ్చుకున్నాను. ఆక్షేపణలు కూడా చెప్పకపోతే ఈ ఉపన్యాసం ఆవిష్కరణ సభలో ప్రసంగం అవుతుంది.

మొదటి ఆక్షేపణ: బ్లాగరు, రచయిత, ప్రచురణకర్త ముగ్గురూ ఒకే గూటి పక్షులైపోయారని. పుస్తకాలు ఉచితంగా వస్తాయి, రచయితలు స్నేహితులవుతారు, విమర్శ కాస్తా భజన అవుతుంది. ఇది నిజమైన ప్రమాదమే. 2009 డిసెంబర్ నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు ఉచితంగా అందుకున్న వస్తువు గురించి రాసే బ్లాగరు ఆ సంగతి చెప్పి తీరాలన్నాయి. పుస్తకాలకూ అది వర్తించింది. కొందరు బ్లాగర్లకు కష్టంగా తోచింది. పత్రికల సమీక్షకులకు లేని నియమం మాకెందుకని అడిగారు. నా మట్టుకు నాకు ఆ నియమం మేలే చేసిందనిపిస్తుంది. పుస్తకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే అలవాటు వల్ల పాఠకుడికి సమీక్షను ఏ మేరకు నమ్మాలో తెలుస్తుంది.

రెండో ఆక్షేపణ దీనికన్నా లోతైనది. బ్లాగర్లు కూడా పెద్దవాళ్లే కదా! పిల్లలకు నచ్చుతుంది అని వాళ్లు ఎలా చెప్పగలరు? న్యాయమైన ప్రశ్న. పిల్లలే ఓటు వేసే బహుమతులు అమెరికాలో అప్పటికే చాలా ఉన్నాయి. పసిఫిక్ వాయవ్య ప్రాంతంలో పిల్లలు ఎంచుకునే అవార్డు 1940 నుంచీ ఉంది. కాన్సస్ రాష్ట్రంలో విలియం అలెన్ వైట్ పేరిట 1952లో మొదలైంది. వీటిలోనూ ఓటింగుకు పెట్టే జాబితాను ముందు పెద్దలే తయారుచేస్తారు. జర్మనీవాళ్లు మరో దారి పట్టారు. 1956లో మొదలైన తమ జాతీయ బాలసాహిత్య బహుమతికి 2003 నుంచి విమర్శకుల బృందం పక్కనే యువ పాఠకుల బృందాన్ని కూడా కూర్చోబెట్టారు. వేర్వేరు ఊళ్ల పఠన క్లబ్బుల పిల్లలు తామే చదివి, తామే ఎంచి, తమ బహుమతి విడిగా ఇస్తారు. పెద్దల తీర్పూ పిల్లల తీర్పూ ఒకే వేదిక మీద పక్కపక్కన నిలబడతాయి. రెండూ కలిసిన ఏడాదీ, విడిపోయిన ఏడాదీ పాఠకుడికి ఏదో ఒకటి చెబుతాయి.

పెద్దల భయాలు పిల్లల ఇష్టాన్ని ఎంత సులువుగా మింగేస్తాయో 2007లోనే కనబడింది. ఆ ఏడు న్యూబెరీ గెలిచిన సుసాన్ పాట్రన్ నవల మొదటి పేజీలో శరీరంలోని ఒక భాగం పేరు ఉందని, కొన్ని బడుల లైబ్రేరియన్లు దాన్ని అలమరలో పెట్టడానికి ఇష్టపడలేదు. పత్రికల దాకా వెళ్లింది ఆ గొడవ. పదిహేనుమంది ఏడాదిపాటు చదివి ఇచ్చిన మెడల్ ఒక్క మాట ముందు నిలవలేకపోయింది. అలాంటి చోట ఎందుకు ఎంచామో చెప్పే నాలుగు మాటలు బయట ఉంటే, పుస్తకం పెట్టాలనుకునే లైబ్రేరియన్‌కి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

మూడోది కాలం చెప్పిన ఆక్షేపణ. బ్లాగుల వెలుగు తగ్గింది. బ్లాగులన్నిటినీ ఒకేచోట చదువుకోనిచ్చే గూగుల్ రీడర్ 2013లో మూతపడ్డాక చాలామంది పాఠకులు దారి తప్పారు. మాట్లాడుకునే చోటు వీడియోలకూ, ఫోటోలకూ మారింది. కాని వేదిక మారినా పని అదే. ఒక పుస్తకం చదివి, పేరు పెట్టి, కారణం చెప్పడం.

మన సంగతి

ఇక మన ఇంటికి వద్దాం. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది. తెలుగులో మొదటిది కలువకొలను సదానంద ‘అడవితల్లి’ నవలకు దక్కింది. 2022లో పత్తిపాక మోహన్ ‘బాలల తాత బాపూజీ’కి వచ్చింది. అమెరికాలోని తెలుగు సంఘం తానా వారు ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థతో కలిసి పిల్లల నవలలకు, బొమ్మల కథలకు పోటీలు పెట్టి, గెలిచినవాటిని అచ్చువేయించారు. ఆ పోటీల వల్ల లేకపోతే పుట్టని పుస్తకాలు పుట్టాయి. ఇవి కాక చాలా జిల్లాల్లో ఎవరో ఒకరి స్మృతిలో ఇచ్చే బహుమతులు ఉన్నాయి. ఇచ్చేవాళ్ల మనసుకు నమస్కరించాలి. చాలాచోట్ల సొంత డబ్బు పెట్టి ఇస్తున్నారు.

అయితే మన పద్ధతి ఒకసారి చూడండి. పత్రిక సాహిత్య పేజీలో ఒక మూల ప్రకటన వస్తుంది. గత రెండేళ్లలో అచ్చయిన పుస్తకాలు నాలుగేసి ప్రతులు ఫలానా తేదీలోగా ఈ చిరునామాకు పంపగలరు. పంపించినవాళ్ల పుస్తకాలే పోటీలో ఉంటాయి. నాలుగు ప్రతులు, వాటి పోస్టేజీ భారమనుకున్న రచయిత గాని, ప్రకటన కంటపడని రచయిత గాని లెక్కలోకి రాడు. నేను కూర్చున్న కమిటీల్లో అయితే ఒక అట్టపెట్టె ఇంటికి వచ్చేది. లోపల పుస్తకాలతో పాటు మార్కుల కాగితం ఉండేది. అందరి మార్కులూ కలిపి ఎక్కువ వచ్చినదాన్ని ప్రకటించేవారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒకరితో ఒకరు ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా తీర్పు తయారయ్యేది. తర్వాత పత్రికలో ఫొటో, నగదు మొత్తం, సభ తేదీ. సభలో శాలువా, జ్ఞాపిక. ఆ పుస్తకం ఎందుకు గెలిచిందో, దానితో పోటీపడి నిలిచిన పుస్తకాలేవో ఎక్కడా ఉండదు. ఆ వార్త చదివిన తల్లి షాపుకి వెళ్లి ఏం అడగాలి? బడికి పుస్తకాలు కొనాల్సిన హెడ్మాష్టరుకు ఆ వార్త ఏ రకంగా పనికొస్తుంది?

సిబిల్స్ నుంచి మనం తెచ్చుకోదగింది ఇక్కడుంది. బ్లాగులూ వద్దు, ఫిబ్రవరి 14వ తేదీ వద్దు. తెచ్చుకోవలసింది జనవరి 1న వెలువడే ఆ జాబితాను. అయిదో ఏడో పుస్తకాల పేర్లు, ఒక్కొక్కదాని కింద దాన్ని ఎందుకు ఎంచామో చెప్పే ఒక పేరా. విజేత పేరు ఏడాదికి ఒక్క రచయితను సంతోషపెడుతుంది. జాబితా మాత్రం కొనేవాళ్లకీ, చదివేవాళ్లకీ, రాసేవాళ్లకీ ముగ్గురికీ పనిచేస్తుంది. గెలవకపోయినా చర్చలో నిలిచిన పుస్తకానికి అది రెండో ఆయుష్షు. కారణం రాసివ్వాలి అనగానే న్యాయనిర్ణేత చదివే తీరే మారిపోతుంది. మార్కు వేసి తప్పుకోవచ్చు గాని, పేరా రాసి తప్పుకోలేం. అచ్చులో మన పేరు ఉంటుంది.

మనకు ఒక వెసులుబాటు కూడా ఉంది. అమెరికాలో ఒక్క విభాగంలోనే వందకు పైగా పుస్తకాలు చదవాలి. తెలుగులో ఏడాదికి వచ్చే మంచి బాలల పుస్తకాలు అన్నీ కలిపినా నలుగురైదుగురు కలిసి చదవలేనన్ని కావు. ఎవరైనా పంపేదాకా ఆగక్కర్లేదు, మనమే వెదికి కొనుక్కుని చదవవచ్చు.

చదివేవాళ్లు ఎవరంటారా? ఉన్నారు. 2009 జనవరిలో మొదలైన పుస్తకం.నెట్ వెబ్‌సైటులో ఎందరో ఉద్యోగాలు చేసుకుంటూ తాము చదివిన పుస్తకాల గురించి రాశారు. పత్రికల ఆస్థాన సమీక్షకులు కారు వాళ్లు, పాఠకులు. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి బడి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రికలో పిల్లలు రాసిన కథలూ, పిల్లలు వేసిన బొమ్మలూ అచ్చయ్యాయి. రాయగలిగిన పిల్లలు అభిప్రాయం చెప్పలేరా? అమెరికాలోని మనబడి తరగతుల్లో వారాంతాల్లో తెలుగు చెప్పే టీచర్లు ఎందరో. అక్కడ పుట్టిన పిల్లకు ఏ తెలుగు పుస్తకం ఇస్తే రెండో పేజీ తిప్పుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇక్కడ మనకు తెలియదు. గుంటూరులో పిల్లవాడు ఒక్క గుక్కలో చదివేసిన పుస్తకాన్ని చదువుతూ డాలస్‌లో పిల్ల ఎక్కడ ఆగి ఏ మాట అడిగిందో తెలిస్తే అది రచయితకు ఏ శాలువా ఇవ్వని కానుక.

నియమాలు కూడా బరువైనవి అక్కర్లేదు. న్యాయనిర్ణేతల పేర్లు ముందే ప్రకటించాలి. తమ పుస్తకమో, తమవాళ్ల పుస్తకమో పోటీలో ఉంటే తప్పుకోవాలి. పుస్తకం కొన్నారా, ఉచితంగా వచ్చిందా చెప్పాలి. వడగట్టేవాళ్లు వేరు, తుది నిర్ణయం చేసేవాళ్లు వేరు ఉండాలి. ఒక పుస్తకాన్ని ఒక్కరి మాట మీద తోసేయకూడదు. పిల్లల బృందం ఒకటి విడిగా ఉండాలి, వాళ్ల మాట పెద్దల మార్కుల్లో కలిసిపోకూడదు. ఏ సంవత్సరం నచ్చినవి లేకపోతే ఆ సంగతీ నిర్భయంగా రాయాలి. బహుమతి ఇవ్వకపోవడం కూడా ఒక తీర్పే. కారణం చెప్పినప్పుడు దానికీ విలువ ఉంటుంది.

మన బాలసాహిత్యానికి పాఠకులు లేరనే మాట తరచు వింటాం. ఏ పుస్తకం ఉందో, అది ఎవరికి నచ్చుతుందో చెప్పేవాళ్లు లేనప్పుడు పాఠకుడు ఎక్కడి నుంచి వస్తాడు? ‘చందమామ’ కాలంలో నెలనెలా ఇంటికొచ్చే పత్రికే ఆ పని చేసింది. ఏం చదవాలో వెదుక్కునే పని పిల్లలకూ పెద్దలకూ తగ్గించింది. ఆ పత్రిక ఆగిపోయాక ఆ పని చేయడానికి మరొకటి ఏదీ పూర్తిగా రాలేదు. అచ్చవుతున్న పుస్తకాలు మాత్రం ఉన్నాయి, కొన్ని చాలా బాగున్నాయి.

కనుక నిర్వాహకులకు ఒక విన్నపంతో ముగిస్తాను. ఈ ధర్మనిధి వడ్డీతో ఏటా ఒక వక్తను పిలిచి, ఉపన్యాసం ఇప్పించి, చిన్న పుస్తకంగా అచ్చువేస్తున్నారు. వచ్చే ఏడాది ఉపన్యాసం మానేయండి. ఆ డబ్బుతో ఆ ఏడు వచ్చిన తెలుగు పిల్లల పుస్తకాలన్నీ కొనండి. ఇద్దరు టీచర్లకు, ఒక లైబ్రేరియన్‌కు, ఇద్దరు తల్లిదండ్రులకు, ఒక పిల్లల బృందానికి ఇచ్చి చదివించండి. ఇదే రోజున ఇదే వేదిక మీద అయిదు పేర్లు, అయిదు పేరాలు చదవండి. చిన్న పుస్తకంగా అచ్చువేయాల్సింది దాన్ని. ఆ పేరాల్లో ఒకటి రాయమంటే నేను వస్తాను, వక్తగా మాత్రం పిలవకండి.